తుమ్మినా ఆగని పియానో

గద్వాల చర్చిలో ఆ ఆదివారం ప్రభుదాసు తుమ్మాడు. అందులో వింతేమీ లేదు, మనుషులన్నాక తుమ్ముతారు. రెండు చేతులతో రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకొని, ఒకటి కాదు, వరసగా మూడు తుమ్మాడు. వింతేమిటంటే, ఆ మూడు తుమ్ముల మధ్య కూడా అతని ముందున్న పియానో ఒక్క మెట్టు తప్పకుండా మోగుతూనే ఉంది.

ఎవరూ చూడలేదు. చర్చిలో సగం మంది కళ్లు మూసుకొని ఉన్నారు. వారమంతా పత్తి ఏరి వచ్చినవాళ్లు. ఆ మూసుకున్న కళ్లలో భక్తి ఎంత, నిద్ర ఎంత అని పాస్టరు గారు కూడా ఎన్నడూ అడగలేదు. ఆడవాళ్ల వైపు గోడ పక్కన కూర్చున్న ఒక్క అమ్మాయి మాత్రం కళ్లు తెరిచి ఉంది. పేరు రూతు. సర్కారు దవాఖానలో కొత్తగా చేరిన నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. కళ్లు మూస్తే మళ్లీ తెరవలేనేమోనన్న భయంతో తెరిచి కూర్చుంది, అంతే.

ప్రార్థన అయ్యాక చెప్పులు విడిచిన చోట అతన్ని ఆపింది.

“బ్రదర్, ఒకటి అడుగుత. ఏమనుకోరు గద?”

“అడుగుండ్రి సిస్టర్.”

“మీకు చేతులెన్ని?”

ప్రభుదాసు తన చేతుల వంక చూసుకున్నాడు. “రెండే.”

“రెండూ రుమాల్ల ఉండె. మరి పియానో ఎవరు కొట్టిండ్రు? దేవదూత గిట వచ్చిండా?”

అతను పాస్టరు గారు ఎంత దూరంలో ఉన్నారో చూసుకున్నాడు. “జర మెల్లగ మాట్లాడుండ్రి.”

“మెల్లగనే మాట్లాడుతున్న. గట్టిగ మాట్లాడే ఓపిక నాకు లేదు.”

తప్పించుకునే ఓపిక అతనికీ లేదు. అందుకని నిజమే చెప్పాడు. “నిన్న నాగర్‌కర్నూల్ల పెండ్లి. మా ఆర్కెస్ట్రాల కీబోర్డు నేనే. బరాత్ అయ్యేసరికి తెల్లారవట్టె. వనపర్తికి ఒక బస్సు, పెబ్బేరుకు ఇంకో బస్సు, ఆడికెల్లి నిలబడుకుంట గద్వాల. ప్రతి వారం గిదే కత. గందుకే ఓపికున్ననాడు పాటలన్నీ కొట్టి పియానో మెమరీల నింపి పెట్టిన. ఆదివారం ప్లే నొక్కుత, చేతులు ఊకె ఆడిస్త. పాట మంచిగనే వస్తది గద?”

“మంచిగనే వస్తది. నేను కూడ రాత్రంత మేల్కొనే ఉన్న బ్రదర్. మరి నా పేషెంట్ల కాడ నేను ఏ మెమరీ పెట్టి పండాలె?”

అతను చెప్పులో కాలు దూర్చాడు. “పాస్టరు గారికి చెప్తరా?”

“చెప్పను. నిద్ర సంగతి నాకు తెల్సు.” అంటూనే ఆవులించింది. ఆమెను చూసి అతనికీ ఆవులింత వచ్చింది. ఇద్దరూ ఒకేసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

కథల్లో తొలిచూపు అని రాస్తారు. వీళ్లది తొలి ఆవులింత అనుకోండి.

ఆ పియానో సంగతి కొంత చెప్పాలి. ఆ ఏడాదికి రెండేళ్ల ముందు హైదరాబాదు నుంచి ఎవరో దాత పంపిన డిజిటల్ పియానో అది. చూడటానికి నల్లటి బల్లలా ఉంటుంది, పైన వరసగా వాయించే మెట్లు, వాటి వెనక చిన్న చిన్న మీటలు. వాయించిన పాటను దాచుకుంటుంది, మళ్లీ అడిగితే తిరిగి వాయిస్తుంది. పెన్ డ్రైవ్ గుచ్చితే అందులో ఉన్న రికార్డునూ మోగిస్తుంది. పెన్ డ్రైవ్‌ను కుర్రాళ్లు తాడు కట్టి మెడలో వేసుకు తిరిగిన రోజులవి. ప్రభుదాసు మెడలోనూ ఒకటి వేలాడేది. ఏ మీట ఏం చేస్తుందో చర్చిలో అతనికి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, రెండేళ్లుగా ఎవరికీ అనుమానం రాలేదు.

రూతు గొంతు విని పాస్టరు గారు ఆమెను పాటల జట్టులో చేర్చారు. నైటు డ్యూటీకి పోయే ముందు సాయంత్రాలు వచ్చి ప్రాక్టీసు చేసేది. మొదటిరోజే గొడవ.

“ఈ పాట నాకు అందుతలేదు. జర దించుతరా?”

ప్రభుదాసు ట్రాన్స్‌పోజ్ అని రాసి ఉన్న మీట రెండుసార్లు నొక్కాడు. మెమరీలోని పాట మొత్తం రెండు మెట్లు కిందికి దిగింది.

“గింత అల్కగనా?”

“నెమ్మదిగ పొమ్మంటే నెమ్మదిగ కూడ పోతది. చెప్పినట్టు ఇంటది.”

“ఇంటది కానీ చూడదు బ్రదర్. నేను ఊపిరి తీస్కుందామనేసరికి అది ఉరుకుతనే ఉంటది.”

“మీరే జర జల్ది తీస్కోండ్రి.”

“మా వార్డుల గూడ గిదే మాట చెప్పాల్నా? పెద్దమనిషీ, జల్ది ఊపిరి తీస్కో, మిషను ఉరుకుతున్నది అని?”

అతను నవ్వాడు. చాలా రోజులకు నవ్వాడు. నవ్వడానికి కూడా కొంత ఓపిక కావాలని, తనలో అది ఇంకా మిగిలి ఉందని అతనికే ఆశ్చర్యం వేసింది.

ఒక సాయంత్రం ఆమె పల్లవి మధ్యలోనే గోడకు తల ఆనించి నిద్రపోయింది. ఆ ముందురోజు ఇద్దరి డ్యూటీ ఒక్కతే చేసింది. పాట అయిపోయింది. చర్చి ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యేసరికి ఆమె కనురెప్పలు కదిలాయి. ప్రభుదాసు గబుక్కున మళ్లీ ప్లే నొక్కాడు. ఆమె కుదుటపడింది. పాట అయినప్పుడల్లా మళ్లీ నొక్కుతూ, డ్యూటీ టైము దగ్గరపడేదాకా ఆ పాటనే తిప్పాడు. తర్వాత ఎదురు హోటలు నుంచి ఛాయ్ తెచ్చి, గ్లాసుతో బెంచీ మీద టకటకా కొట్టి లేపాడు.

“పాట ఇంక అయిపోలేదా?” అంది కళ్లు నులుముకుంటూ.

“మస్తు సార్లు అయిపోయింది.”

రూతు ఛాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకొని అతని వంక చూసింది. ఆ చూపుతో ప్రభుదాసు పని అయిపోయింది. ఆ వారం వనపర్తి పెండ్లిలో డాన్సు పాట మధ్యలో ప్రార్థన పాట వాయిస్తే పెండ్లికొడుకు తరఫువాళ్లు తిట్టారు.

ఆగి ఆగి కురిసే వానల్లో ఒక సాయంత్రం, చర్చి వరండాలో చినుకులు తగ్గేదాకా ఇద్దరూ నిలబడాల్సి వచ్చింది. రూతు చెయ్యి బయటికి చాపి చూసింది. చినుకు పడింది. వెనక్కి తీసుకుంది. ఇంకాసేపటికి మళ్లీ చాపింది. వాన ఆమెతో ఆడుకుంటోందో, ఆమె వానతో ఆడుకుంటోందో తెలియలేదు. ప్రభుదాసుకు ఇక దాచుకునే ఓపిక లేకపోయింది.

“సిస్టర్, నాకు మీరంటే ఇష్టం. మిమ్మల్ని పెండ్లి చేసుకోవాలని ఉంది.”

“సిస్టర్ అని పిలిచి పెండ్లి అడిగెటోన్ని ఇప్పుడే చూస్తున్న.”

“మీరు బ్రదర్ అనుడు ఆపుతలేరు, నేనేం చెయ్యాలె?”

ఆమె నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. వరండా మెట్టు మీద కూర్చుంది.

“నాగర్‌కర్నూల్ల ఒక సంబంధం ఉంది. ల్యాబుల చేస్తడంట. కోత పండుగ అయినంక మాట ఇస్తనని మా అమ్మ చెప్పింది.”

“మీకిష్టమా?”

“ఆయన్ను నేను చూడనే లేదు. మిమ్మల్ని చూసిన. గదే నా పరేషాన్.” చీర అంచుకు అంటిన బురద గోకుతూ చెప్పింది. “మా నాయిన బొంబై బిల్డింగుల పనికి పోయెటోడు. ఏడాదికోసారి వచ్చి మంచం మీద కూసుండెటోడు. మనిషి ఇంట్ల, మనసు మేస్త్రి కాడ. పిలిస్తె ‘ఆ’ అంటడు. ఏమన్నమో తెల్వదు. మా అమ్మ గట్లనే బతికింది. నాకు గట్ల బతికే ఓపిక లేదు. మీరు మంచోళ్లే. కానీ పియానో ముందర కూసున్నంక మీరు ఆడ ఉండరు.”

“అలసిపోత సిస్టర్.”

“నేను అలసిపోనా? అలసిపోయిన మనిషితోటి బతుకొచ్చు. ఆడ లేని మనిషితోటి ఎట్ల బతకాలె?”

ఆమె మళ్లీ అడిగింది. “ఇస్రాయేలు తాత ఎందుకు పాడుతలేడో తెల్సా మీకు?”

“గొంతు పోయిందేమో.”

“బీపీ చూపిచ్చుకోను మా కాడికి వస్తడు. వరండాల కూసోని పాడ్తడు. గొంతు మంచిగున్నది.”

ఇస్రాయేలు తాత ఆ చర్చికి పాటలు ఎత్తే మనిషి. అక్కడొక ఆనవాయితీ ఉండేది. పాట ఎత్తినవాడు ఆఖరి చరణానికి వచ్చాక దాన్నే పట్టుకొని, తన మనసు నిండేదాకా తిప్పి తిప్పి పాడతాడు. ఎన్నిసార్లన్నది ఎవరూ చెప్పరు. జనమూ, పాత హార్మోనియమూ అతని వెంట పోతాయి. అతను విడిచిపెట్టాక అందరూ విడిచిపెడతారు. పియానో వచ్చాక పాట దాని కొలతకు అది ఆగడం మొదలైంది. ఒక ఆదివారం పియానో ఆగిపోయింది, జనం ఆగిపోయారు, తాత ఒక్కడే కళ్లు మూసుకొని పాడుతూ మిగిలాడు. పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత తాత ఆఖరి వరసకు మారాడు, మళ్లీ నోరు తెరవలేదు. ఆనాడు కూడా పియానో ముందు కూర్చున్నది ప్రభుదాసే. కళ్లు తెరుచుకొని నిద్రపోతున్నాడు కాబట్టి అతనికేమీ తెలియదు.

“మా అమ్మ ధరూర్ దిక్కుకెల్లి కోత పండుగకు వస్తది,” అంది రూతు. “తాత కట్టిన పాటంటే ఆమెకు పానం. ఆనాడు ఆ పాట మీ చేతులతోటి కొట్టుండ్రి. నేను పాడుత. గప్పుడు అమ్మకు మీ ముచ్చట చెప్త. లేకపోతే చెప్పను. నాగర్‌కర్నూలుకే పోత.”

వాన తగ్గింది. ఆమె డ్యూటీకి పోయింది.

మర్నాటి నుంచి ప్రభుదాసు ప్రాక్టీసుకు కూర్చున్నాడు. కుడి చేతికి పాట గుర్తుంది. ఎడమ చేయి పూర్తిగా మర్చిపోయింది, పెండ్లి దరువులే వాయిస్తానంది. రెండేళ్లుగా చర్చి పాటలకు ఊరికే ఆడడమే తప్ప నొక్కని వేళ్లు. దానికితోడు పెండ్లిళ్ల సీజను. కూర్చున్న చోటే కునికిపాట్లు పడేవాడు. పండుగ దగ్గరపడేకొద్దీ భయం పట్టుకుంది. రూతు దక్కదేమోనన్న భయం, అందరి ముందూ పరువు పోతుందేమోనన్న భయం, రెండూ కలిసి అతని చేత ఒక పిరికి పని చేయించాయి. వనపర్తిలో ఆర్కెస్ట్రా స్నేహితులను కూడగట్టి, తబలా, ఫ్లూటుతో సహా తాత పాటను ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేయించి పెన్ డ్రైవ్‌లో వేసుకున్నాడు.

వెనక సన్నగా మోగుతుంటుంది, పైన నేను చేతులతోటే కొడుతుంటా, ఇందులో మోసమేముంది అనుకున్నాడు. తనకు తాను నచ్చజెప్పుకోవడంలో అలసిపోయిన మనిషిని మించినవాడు లేడు.

కోత పండుగ వచ్చింది. వరి కంకుల కట్టలు, వేరుశనగ బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన ఒక కోడిపుంజు, ఎవరి పంటలోంచి వాళ్లు తెచ్చినవన్నీ బలిపీఠం ముందు పేర్చారు. రూతు తల్లి బుజ్జమ్మ గంపెడు ఎండుమిరపకాయలు నెత్తిన పెట్టుకొని వచ్చింది. చోటు లేక ఆ గంపను పియానో పక్కన పెట్టారు. రూతు తెల్ల యూనిఫాం మీదే వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది, గొంతు బొంగురుపోయింది.

“రాత్రి వార్డు నిండ మందే. గొంతు లేస్తలేదు. రెండు మెట్లు దించుండ్రి,” అంది. తర్వాత అతని మెడ వంక చూసింది. “పెన్ డ్రైవ్ ఏది?”

“ఉంది,” అన్నాడు ప్రభుదాసు. ఎక్కడుందో చెప్పలేదు. ట్రాన్స్‌పోజ్ మీట రెండుసార్లు నొక్కి, ప్లే నొక్కి, చేతులు మెట్ల మీద పెట్టాడు.

ఇక్కడే కొంప మునిగింది. రెండేళ్లుగా అతను దించినవన్నీ పియానో తన మెమరీలో దాచుకున్న పాటలు. దించితే దిగేవి. పెన్ డ్రైవ్‌లోది స్టూడియోలో పట్టిన రికార్డు. దాన్ని ఆ మీట దించలేదు. అతని వేళ్ల కింది మెట్లు మాత్రం దిగాయి. తబలా, ఫ్లూటు ఒక స్థాయిలో, పియానో రెండు మెట్ల కింద ఇంకో స్థాయిలో, రెండూ ఒకేసారి చర్చిలోకి వచ్చిపడ్డాయి. కోడిపుంజు కాళ్లకు కట్టు ఉన్నా ఎగిరి గుమ్మడికాయల మీద పడింది. కునుకుతున్నవాళ్లందరూ లేచారు. పాస్టరు గారు పియానో వంక చూశారు. బుజ్జమ్మ తన కూతురి వంక చూసింది.

ప్రభుదాసుకు దారి లేకపోలేదు. చేతులు మెట్ల మీంచి కొంచెం పైకి లేపితే చాలు, రికార్డు సాఫీగా సాగిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు, ఎప్పటిలాగే. కానీ ఆ స్థాయిలో రూతు గొంతు అందదు, పగిలిపోతుంది. ఆమె మైకు పట్టుకొని అతన్నే చూస్తోంది. కోపంగా కాదు. చాలా అలసటగా, ఎవరి కోసమో చూసి చూసి ఇక ఇంటికి పోదామనుకుంటున్న మనిషిలా.

అతను చెయ్యి చాపి పెన్ డ్రైవ్ పీకేశాడు.

చర్చి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో అతను ఒక్కొక్క మెట్టే వెతుక్కుంటూ మొదలుపెట్టాడు. ఎడమ చేయి రెండుచోట్ల తప్పింది. రూతు పల్లవి అందుకుంది. ఊపిరి తీసుకోవడానికి ఆగితే అతనూ ఆగాడు. ఆమె తల తిప్పి చూసింది. మళ్లీ ఎత్తుకుంది. ఆమె ఎక్కడ లేస్తుందో, ఎక్కడ తగ్గుతుందో చూడటానికి అతను ఆమె ముఖం మీంచి కళ్లు తియ్యలేదు. రెండేళ్లలో మొదటిసారి అతనికి నిద్ర రాలేదు.

ఆఖరి చరణం వచ్చింది. చేను నీదే తండ్రీ, చేతులూ నీవే. రూతు ఒకసారి పాడి ఆగింది. ఆఖరి వరసలోంచి ముసలి గొంతు ఒకటి అదే చరణాన్ని అందుకుంది. చేను నీదే తండ్రీ, చేతులూ నీవే. ఇస్రాయేలు తాత లేచి నిలబడ్డాడు. కళ్లు మూసుకోలేదు. ఆగిపోతుందేమోనని పియానో వైపే అనుమానంగా చూస్తున్నాడు. అది ఆగలేదు. తాత మళ్లీ తిప్పాడు. జనం కలిశారు. బుజ్జమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ పాడింది.

తాత ఇంకో తిప్పుకు ఊపిరి తీసుకుంటుండగా ఎండుమిరపకాయల ఘాటు ప్రభుదాసు ముక్కుకు ఎక్కింది. ఆపుకోవాలని చూశాడు. కాలేదు. రెండు చేతులూ రుమాలుకు పోయాయి. తుమ్మాడు.

పియానో ఆగిపోయింది.

తాత ఎత్తబోయిన చరణం నోట్లోనే పట్టుకొని నిలబడ్డాడు. జనమంతా ప్రభుదాసు ముక్కు తుడుచుకునేదాకా చూశారు. రూతుకు నవ్వొచ్చింది. మైకు నోటి దగ్గరే ఉంది, ఆ నవ్వు చర్చి మొత్తానికి వినిపించింది. బుజ్జమ్మ కూతురి ముఖం చూసింది, తర్వాత పియానో ముందున్న పిల్లవాణ్ణి చూసింది, ఎవరూ చెప్పకుండానే ఆమెకు విషయం తెలిసిపోయింది. ప్రభుదాసు రుమాలు జేబులో పెట్టుకొని, తాత వైపు తలాడించాడు. తాత అక్కడి నుంచే ఎత్తుకున్నాడు.

ప్రార్థన అయ్యాక పంటల వేలంపాట మొదలైంది. జనం అటు వెళ్లారు. బుజ్జమ్మ నేరుగా పియానో దగ్గరికి వచ్చింది.

“పిల్లగా, తప్పులు మస్తు కొట్టినవ్.”

“కొట్టిన అమ్మా.”

“మొదలు వచ్చిన ఆ గోలేంది?”

ప్రభుదాసు పెన్ డ్రైవ్ తీసి చూపించాడు. “భయపడి ఇది పెట్టిన. తప్పు నాదే.”

బుజ్జమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చింది. “నా బిడ్డ నవ్వంగ చూసి ఎన్నొద్దులాయెనో. ఈ కొల్వుల చేరినకాడికెల్లి ముఖమే లేదు దానికి.” కొంగు సర్దుకుంది. “నాగర్‌కర్నూలోళ్లకు నేను చెప్పుకుంటలే. మీ అమ్మానాయినలను ఓపాలి మా ఇంటికి రమ్మను. రొట్టె పెడ్త. మిర్పకాయ తొక్కు గూడ పెడ్త, తుమ్మకుంట తినుమను.”

ఆమె వేలంపాట దగ్గరికి వెళ్లింది. రూతు పియానో పక్కన బెంచీ మీద కూలబడింది.

“మీరు అమ్మకు చెప్త అన్నరు,” అన్నాడు ప్రభుదాసు.

“చెప్పే పని లేకుండ చేసినవ్ గద.”

“కోపమొచ్చిందా?”

“వచ్చింది. అది పెట్టినందుకు. పీకినంక పోయింది.” తల గోడకు ఆనించింది. “మల్ల శనివారం పెండ్లి ఏడ?”

“వనపర్తి.”

“వచ్చేటప్పుడు బస్సుల మంచిగ పండుకో. నేను డ్యూటీ దిగి బస్టాండుకొచ్చి లేపుత. లేకపోతే నిద్రల గద్వాల దాటి రాయచూరు పోతవ్.”

ప్రభుదాసు ఆ మాటలన్నీ మనసులో ఇంకోసారి విన్నాడు. “బ్రదర్ అనలే నువ్వు.”

“అననింక.” ఆవులించింది. అతనూ ఆవులించాడు. “జర ఏదన్న కొట్టు. కొద్దిసేపు పండుకుంట.”

“మెమరీల పెట్టాల్నా?”

“వద్దు. నువ్వే కొట్టు. నేను పండుకున్నంక ఆపు.”

అతను తాత పాటే ఎత్తుకున్నాడు, మెల్లగా. బయట గుమ్మడికాయలకు, కోడిపుంజుకు పాట పెంచుతున్న అరుపులు వినిపిస్తున్నాయి. వేళ్లు నొప్పి పుడుతున్నాయి. రూతు ఎప్పుడో నిద్రపోయింది. అతను ఆపలేదు.